పంటకాపు తుపాకి: బండిలో తీసికొనిపోవు విధము



అడవి చేరువ గ్రామములందు వేరుసెనగ, మొక్కజొన్న పైరులు అడవిపందుల పాలగుచుండుట మన మెఱిగినదే. పంటకాపునకై మూతినుండి మందు దట్టించు తుపాకికి లైసెన్సు పొందుటకు 1959 నాటి ఆయుధముల చట్టము వీలు కల్పించుచున్నది. అయినను లైసెన్సు వేఱు, మృగమును చంపుటకు అనుమతి వేఱు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే వేట నిషిద్ధము. పైరును పాడుచేయు మృగమునైనను అధికారము గలవారి వ్రాతపూర్వకమైన ఉత్తరువు లేనిదే కాల్చరాదు.

నేటి పాఠము కాల్చుటను గూర్చినది కాదు; ఇంటికిని పొలమునకును నడుమ తుపాకిని బండిలో చేర్చుటను గూర్చినది.

కొన్నియేండ్ల క్రిందట నేను పనిమీద పోవుచుండిన యొక గ్రామమున ఒక రైతు రాత్రికాపు ముగించి, తెల్లవాఱుజామున తుపాకిని ట్రాక్టరు ట్రాలీలో గడ్డిమోపుల నడుమ నుంచి ఇల్లు చేరెను. మందు తీయలేదు, కేపును తీయలేదు. దిగిన పిమ్మట గొట్టపు మూతిని పట్టి తనవైపునకు లాగెను. సుత్తి ట్రాలీ పలకకు తగిలి లేచి, మరల కేపుపై పడెను. అతడు బ్రతికెను గాని ఆ కుడిచేయి నేటికిని కొడవలి పట్టజాలదు. ఆ రాత్రి పంది యొక్కటియు పొలమునకు రాలేదు.

కావున ఈ క్రింది విషయములను గమనింపుడు.

1. బండి యెక్కకముందే ఖాళీ చేయవలెను. తూటా తుపాకియైనచో తెఱచి, గొట్టములోనికి కంటితో చూచి, చీకటియైనచో వ్రేలితో తడవి చూడుడు. మందు దట్టించు తుపాకిలో నున్నది కంటికి కనబడదు. దానికొక యుపాయము గలదు. తుపాకి నిశ్చయముగా ఖాళీయైయున్న దినమున దట్టించు కడ్డీని గొట్టము అడుగుదాక దించి, మూతికి సరిగా కడ్డీపై ఒక గాటు పెట్టుడు. పిదప నెప్పుడు పరీక్షించినను, మొదట కేపును తీసి, మొగమును మూతికి ఎదురుగా నుంచక కడ్డీని దించుడు. గాటు మూతికి సరిగా నిలిచినచో ఖాళీ. పైకి నిలిచినచో లోపల మందు గలదు. కేపు తీసినంతమాత్రమున తుపాకి ఖాళీయని తలంపరాదు. దట్టించిన మందును, గుండును తీయు పద్ధతిని లైసెన్సుగల తుపాకి మరమ్మతుదారునియొద్ద నేర్చుకొనుడు. పొలము చేరి, అవసరము కలిగినప్పుడే దట్టించుట అన్నిటికంటె మేలు.

2. ఒరలో నుంచవలెను. బహిరంగ స్థలములందు తుపాకిని తగిన ఒరలోనే తీసికొనిపోవలెనని 2016 నాటి ఆయుధ నియమములు విధించుచున్నవి. మూతి మనుష్యులవైపు గాని పశువులవైపు గాని లేకుండ పరుండబెట్టి, కుదుపునకు కదలకుండ కట్టుడు. దింపునప్పుడు కర్రపిడిని పట్టి తీయవలెను. మూతిని పట్టి లాగరాదు.

3. తాళము వేయవలెను. జీపునందైనచో బోల్టులతో బిగించిన ఇనుపపెట్టె శ్రేష్ఠము. అది లేనిచో మీటచుట్టునున్న కమ్మిగుండా గొలుసు దూర్చి, ఆసనపు చట్రమునకు తాళము వేయుడు. ఖాళీచేయని తుపాకికి మీటయొద్ద తాళము తగిలించుట ప్రాణాపాయము. తాళపుచెవి లైసెన్సుదారుని మొలత్రాటికే యుండవలెను.

4. మందును వేఱుగా నుంచవలెను. తూటాలును, తుపాకిమందును, కేపులును వేఱువేఱు పెట్టెలలో, ఇంజనునకు, పొగగొట్టమునకు, బీడీనిప్పునకు దూరముగా నుండవలెను. ఎండలో నిలిపిన మూతబండిలో వానిని విడువరాదు.

5. బండిని విడిచిపోరాదు. తాళము దొంగను ఆలసింపజేయునేగాని ఆపజాలదు. సంతయొద్ద గాని కాఫీ హోటలుయొద్ద గాని దిగినచో నమ్మకమైన కాపు ఉండవలెను. తుపాకి పోయినచో ఆ క్షణమే పోలీసు ఠాణాలో తెలుపవలెను. లైసెన్సును వెంట నుంచుకొనుడు. అది చెల్లు ప్రాంతపు ఎల్లను దాటకుడు.

ఇల్లు చేరినపిమ్మట కడ్డీపరీక్షను మరల చేసి, పిల్లలకు అందనిచోట తాళములో భద్రపఱుపుడు.

ఈ మాసమున ప్రతి లైసెన్సుదారుడును తన కడ్డీపై గాటు పెట్టుకొనవలెనని నా మనవి. పోయిన పైరు మరుసటి కారున మరల వచ్చును. పోయిన చేయి రాదు.