మాత్ర ఇచ్చే ముందు

అమ్మలూ,

నర్సింగ్ పూర్తి చేసి, డిమెన్షియా వచ్చిన పెద్దవాళ్లను చూసుకునే హోమ్‌లో చేరావని తెలిసి సంతోషించాను. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2023లో అచ్చయిన అధ్యయనం లెక్క కట్టింది. వాళ్లను చూసుకోవడానికి చదువుకుని వచ్చే నీలాంటివాళ్లు మాత్రం బహు తక్కువ. అందుకని నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన సంగతి చెబుతాను. కేస్ షీట్‌లో 'వయొలెంట్', 'కోఆపరేట్ చేయడం లేదు' అని కనిపిస్తే అక్కడితో ఆగిపోకు. ఏ వేళప్పుడు, ఎవరు ఏం చేస్తుంటే అలా చేశారని అడుగు. గొడవకు కారణం వెతకడమే ఈ ఉద్యోగంలో అసలు పని. మాత్ర తర్వాతి సంగతి.

ఆ కారణం చాలాసార్లు నొప్పే. 2011లో బెటినా హుసెబో బృందం నార్వేలో 18 నర్సింగ్ హోమ్‌లలో, జబ్బు ముదిరి అలజడి చేస్తున్న 352 మందిని తీసుకుంది. కొన్ని యూనిట్లలో అందరికీ ఒక పద్ధతి ప్రకారం నొప్పికి మందిచ్చారు. ఎక్కువమందికి ఇచ్చింది మామూలు పారాసిటమాలే. ఎనిమిది వారాల్లో అలజడి సగటున 17 శాతం తగ్గింది. మోకాళ్లు అరిగిన ఆవిడ 'నొప్పి' అని చెప్పలేక, పక్కకు తిప్పబోయిన ఆయా చెయ్యి గిల్లేస్తుంది. చెప్పలేనివాళ్ల నొప్పి పట్టుకోవడానికి పెయినాడ్ అనే కొలమానం ఉంది. ఊపిరి, మూలుగు, ముఖం, ఒంటి తీరు, ఓదారిస్తే ఊరుకుంటున్నారా లేదా అన్న ఐదూ చూసి మార్కులు వేస్తారు. అయితే పడుకుని ఉన్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు. పక్కకు తిప్పేటప్పుడు, చీర మార్చేటప్పుడు, లేపి కూర్చోబెట్టేటప్పుడు చూడు. విరేచనమై ఎన్నాళ్లయింది, మూత్రం సాఫీగా వస్తోందా, కళ్లజోడు ఎక్కడుంది, పళ్ల సెట్టు చిగురును కోస్తోందా అన్నవి కూడా ఆ వరుసలోనే చూడాలి. అవేవీ కాకపోతే మన తీరేమిటో చూసుకోవాలి. మనిషి పడే అవస్థలో కొంత చుట్టూ ఉన్నవాళ్ల ప్రవర్తన వల్ల వచ్చేదేనని ఇంగ్లండులో టామ్ కిట్‌వుడ్ 1997లో పుస్తకమే రాశాడు. రిటైరైన హెడ్మాస్టరు గారిని 'తాతా, బువ్వ తిను' అని బుజ్జగించడం మన ఊళ్లలో ప్రేమ కింద చెల్లిపోతుంది. ఆయన చెంచా తోసేస్తే తప్పు ఆయనదేనంటామా? 'మాస్టారూ' అంటే మన సొమ్మేం పోతుంది!

ఇంతమందికి ఇద్దరమే ఉన్నాం, ఇవన్నీ చూసే తీరికెక్కడిదని మీ సీనియర్లు అంటారు. మనుషులు చాలరన్నది నిజం, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ స్నానం సంగతే తీసుకో. చెప్పాపెట్టకుండా నెత్తిన చెంబుడు నీళ్లు పోస్తే ఎవరైనా తిరగబడతారు. 2004లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, మనిషి ఇష్టాన్ని, భయాన్ని కనిపెట్టి షవర్ కింద స్నానం చేయిస్తే తిరగబడటం 53 శాతం తగ్గింది. మంచం మీదే గోరువెచ్చని తడి తువ్వాలు ఒళ్లంతా కప్పి, దాని మీదుగా రుద్దితే 60 శాతం తగ్గింది. షవర్ పద్ధతికి సగటున పట్టిన అదనపు సమయం మూడు నిమిషాల పైచిలుకు. తువ్వాలు పద్ధతికి చెప్పుకోదగ్గ తేడాయే లేదు. పెనుగులాటలో, చిరిగిన చర్మానికి కట్టు కట్టడంలో, ఇన్సిడెంట్ రిపోర్టు రాయడంలో పోయే సమయాన్ని ఎందులో జమ కడతారో ఆ సీనియర్లను అడుగు.

ఎలాగూ మరిచిపోతారు కదా, ఎలా చూస్తేనేం అనే మాట ఇంకొకటి వింటావు. పైకి సబబుగానే ఉంటుంది. కానీ అమెరికాలోని అయోవాలో అల్జీమర్స్ ఉన్నవాళ్లకు ఏడిపించే, నవ్వించే సినిమా ముక్కలు చూపించారు, 2014లో ఆ ఫలితాలు వచ్చాయి. కాసేపటికే వాళ్లకు చూసిన దృశ్యాలు గుర్తు లేవు, దిగులూ సంతోషమూ మాత్రం పోలేదు. పొద్దున నువ్వు కసిరిన సంగతి ఆవిడకు జ్ఞాపకం ఉండకపోవచ్చు. ఆ గుబులు మధ్యాహ్నం అన్నం పళ్లెం మీద తేలుతుంది.

ఇక గట్టి అభ్యంతరం ఒకటుంది. పక్క మంచం మీది మనిషిని కొడుతుంటే, రాత్రి తలుపు తీసుకుని రోడ్డెక్కబోతుంటే కారణాలు వెతుకుతూ కూర్చుంటామా? కూర్చోం. ప్రమాదం ముంచుకొచ్చి, మిగతావేవీ పనిచేయనప్పుడు డాక్టరు యాంటీసైకోటిక్ మందు రాయడం సబబే. అయితే ఆ మందు ఖరీదు తెలిసి ఉండాలి. 17 పరీక్షల ఫలితాలు కలిపి చూసి 2005లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది: దాదాపు పది వారాల పరీక్షలో ఈ యాంటీసైకోటిక్ మందులు తీసుకున్న డిమెన్షియా రోగుల్లో సుమారు 4.5 శాతం మంది చనిపోతే, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 2.6 శాతం. బ్రిటన్‌లో ఏటా లక్షా ఎనభై వేల మందికి ఇవి ఇస్తుంటే నిజంగా మేలు పొందేది 36 వేల మందేనని, అదనంగా 1,800 మంది చనిపోతున్నారని 2009లో సూబే బెనర్జీ తన నివేదికలో అంచనా వేశారు. 'నాన్న రాత్రంతా నిద్రపోవాలి, ఏదో ఒకటి ఇచ్చేయండి సిస్టర్' అని కొడుకు బతిమాలితే కసురుకోకు, అతనూ అలసిపోయి ఉంటాడు. ఈ లెక్క అతనికి నెమ్మదిగా చెప్పు.

బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి మందు మొదలుపెడితే కనీసం ఆరు వారాలకోసారి ఇంకా అవసరమా అని చూడాలి. మన దగ్గర ఒకసారి రాసిన మాత్ర ఏళ్ల తరబడి చీటీ మీద అలాగే సాగిపోతుంటుంది. కొత్త మాత్ర రాసిన రోజే, మళ్లీ చూడాల్సిన తేదీ ఎప్పుడని డాక్టరుగారిని అడిగి మందుల చార్టులో రాయించు. ఆ గడి ఖాళీగా ఉంటే డ్యూటీ అప్పగించే ముందు ఇంకోసారి అడుగు.

ఇట్లు,
నీ పెద్దమ్మ