నిజమైనా సరే, ఫార్వర్డ్ చేయొచ్చా?

ప్రశ్న: గోదావరిఖనిలో ఆదివారం పూజ తర్వాత పిల్లలకు సత్యోపదేశం చెబుతాను. అందరి చేతుల్లో ఫోన్లే. వాటి గురించి ఏం చెప్పాలి? – ఒక ఉపదేశి

జవాబు: ఫోనే పాపమని మొదలుపెట్టకండి, పిల్లలు అక్కడే వినడం మానేస్తారు. ఎనిమిదో ఆజ్ఞ తీయండి. కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2477వ పేరా మూడు తప్పుల గురించి చెబుతుంది: ఆధారం లేకుండా ఒకరిని తప్పుపట్టడం, లేనిపోని నింద వేయడం, సరైన కారణం లేకుండా ఒకరి నిజమైన లోపాన్నే తెలియనివాళ్లకు చెప్పడం. పిల్లలు ఉలిక్కిపడేది మూడోదానికే. “నిజమే కద సార్” అంటూ తోటి పిల్ల స్క్రీన్‌షాట్ పంచేవాళ్లు అందులోకే వస్తారు.

ఉదాహరణ మీ ఊళ్లోదే ఇవ్వండి. నాన్న రాత్రి షిఫ్టుకు బొగ్గుబాయి దిగిండు. “బాయిల కప్పు కూలిందట” అని గ్రూపులో ఏదో పాత ఫొటో. లోపలున్న మనిషికి ఫోన్ కలవదు. ఆ రాత్రి కాలనీలో ఎవరికి నిద్ర పడుతుంది? పంపేముందు ఎవరిని అడగాలో పిల్లలతోనే చెప్పించండి. పంపాక డిలీట్ కొడితే సరిపోదు. చేసిన నష్టాన్ని సరిదిద్దాలంటుంది 2487వ పేరా. అదే గ్రూపులో “నేను పంపింది తప్పు” అని రాయాల్సిందే. పెద్దలకూ ఇది కష్టమే లెండి.

నెట్‌ను మంచికీ వాడొచ్చని చూపడానికి కార్లో అకూటిస్ కథ బాగా పనికొస్తుంది. సత్ప్రసాద అద్భుతాలపై వెబ్‌సైట్ చేసి, 2006లో 15 ఏళ్లకే చనిపోయిన ఈ కుర్రాడు 2025 సెప్టెంబర్ 7న పునీతుడయ్యాడు.

ఫొటోలతో ఎవరో బెదిరిస్తున్నారని ఏ పిల్లైనా చెబితే మాత్రం పాపసంకీర్తనం మాట ఎత్తకండి. తప్పు ఆ పిల్లది కాదు. మెసేజ్‌లు తుడిచేయనివ్వకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.