కొవ్వులో చేరిన కాపలాదారులు

మా నాన్నగారు బిలాస్‌పూర్‌లో గూడ్సు బండి లోకో పైలట్. కిందటేడు వైద్య పరీక్షలో షుగరు ఉన్నట్టు తేలింది. "నేనేమీ లావుగా లేనే!" అని నాన్న, "రాత్రి డ్యూటీలూ, డబ్బా తిళ్ళూను" అని అమ్మ. పదకొండో తరగతిలో జీవశాస్త్రం చదువుతున్నావు కదా, నువ్వు చెప్పు అన్నారు. నాకు జవాబు రాలేదు. తరువాత చదివి తెలుసుకున్నది ఇది.

మన శరీరంలో మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలున్నాయి. సూక్ష్మజీవులను, చనిపోయిన కణాలను మింగడం వాటి పని. మింగే కణాల సంగతి కనిపెట్టిన మెచ్నికాఫ్‌కు 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. గాయం దగ్గర ఇవి చేరడం మామూలే. మరి కొవ్వులో వీటికేం పని?

కొవ్వు కణం ఉబ్బిపోతే దానికి ఆక్సిజన్ సరిగా అందదు. కొన్ని చచ్చిపోతాయి. వాటిని శుభ్రం చేయడానికి మాక్రోఫేజ్‌లు వచ్చి చుట్టూ మూగుతాయి. 2003లో అమెరికా శాస్త్రవేత్తలు లెక్క చూస్తే, సన్నని ఎలుకల కొవ్వులోని కణాల్లో ఇవి నూటికి పదికన్నా తక్కువ. విపరీతంగా లావెక్కిన వాటిలో సగానికి పైనే! వచ్చినవి ఊరుకోవు. టి.ఎన్.ఎఫ్.-ఆల్ఫా వంటి రసాయనాలు వదులుతాయి. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, కానీ లోలోపల సన్నని మంట రగులుతూనే ఉంటుంది.

ఆ రసాయనాలు కండరాల్లో, కాలేయంలో ఇన్సులిన్ మాట చెల్లనివ్వవు. మన కాలనీ భాషలో చెప్పాలంటే బ్రేక్ బైండింగ్: గార్డు పచ్చజెండా ఊపాడు, డ్రైవరు చూశాడు, చక్రం మాత్రం కదలదు. క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి, చివరికి అలసిపోతుంది. షుగరు పెరుగుతుంది. షుగరుకు వంశం, నిద్రలేమి వంటి కారణాలూ ఉంటాయి. కాబట్టి అమ్మ మాటలోనూ నిజముంది.

మరి నాన్న మాట? 2004లో పూణే డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫోటో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే మనవాళ్ళలో కొవ్వు పొట్టలో దాక్కుంటుందన్నమాట.

అమ్మ కుట్టుమిషను టేపుతో నాన్న నడుము కొలిచాం. 96 సెంటీమీటర్లు. మన దేశంలో మగవాళ్ళకు 90 దాటకూడదంటారు. ఇప్పుడు డ్యూటీ లేని సాయంత్రాలు ఇద్దరం స్టేషను దాకా నడిచి వస్తున్నాం. పోయిన ఆదివారం మళ్ళీ కొలిస్తే 94.