విభూతితో తోమకు

అనకాపల్లి

చి. లావణ్యకి పెదనాన్న ఆశీస్సులు.

తాతయ్య నాణేల డబ్బా నీ దగ్గరికి చేరిందని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. పండక్కి అన్నిటినీ తళతళలాడేలా తోమి, ఏది ఎంత పలుకుతుందో కనుక్కుందామనుకుంటున్నావట. ఈ ఉత్తరం అందేలోపు ఆ పని మొదలుపెట్టకపోతే అదృష్టం. వెండి రూపాయలకి విభూతి వద్దు, రాగి కానులకి చింతపండు వద్దు. మెత్తటి గుడ్డతో తుడవడం కూడా వద్దమ్మా.

ఎందుకో చెప్తాను. టంకశాలలో అచ్చు పడే క్షణంలో ఆ ఒత్తిడికి లోహం మధ్య నుంచి అంచుల వైపు కదులుతుంది. ఆ కదలిక కంటికి ఆనని సన్నని గీతలుగా నాణెం ఒంటి మీద మిగిలిపోతుంది. అసలైన మెరుపు వాటిదే. ఒకే దీపం కింద నాణేన్ని మెల్లగా వంచి తిప్పితే వెలుగు ఒక చోట నిలవకుండా చుట్టూ తిరుగుతుంది. విభూతి, సబ్బుపొడి, బ్రష్షు, ఏది తగిలినా ఆ గీతలు తెగిపోతాయి. నాణెం తెల్లగానే ఉంటుంది, వెలుగు మాత్రం తిరగడం మానేస్తుంది. మన బెల్లం మార్కెట్లో హైడ్రోస్ అనే రసాయనం కలిపి పసుపు తేల్చిన దిమ్మని తెలిసిన వర్తకుడు దూరం నుంచే గుర్తుపడతాడు. తోమిన రూపాయిని చూసిన నాణేలవాడు కూడా అంతే. పోయిన ఆ పైపొరని మళ్ళీ తెచ్చే మందు లేదు. నల్లబడిన వెండిలో తప్పేమీ లేదు, గాలిలోని గంధకం చేసిన పని అది. ఆ నలుపు కింద మెరుపు భద్రంగానే ఉండొచ్చు.

ఇక చూడటం. మంచం మీద మందపాటి దుప్పటి పరుచుకుని కూర్చో. నాణేన్ని అంచులతోనే పట్టుకో, ముఖం మీద వేలు పెట్టకు. ట్యూబ్‌లైటు ఆర్పేసి ఒక్క టేబుల్ ల్యాంపు వేసుకో. కంసాలి వాడే అయిదింతల భూతద్దం చాలు. అంతకన్నా పెద్దదైతే ప్రతి నాణెమూ గాయాలతోనే కనిపిస్తుంది.

అన్నిటికన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఇక్కడ వివరం అరిగిపోయిందా, అసలు పుట్టలేదా? ఈ రెంటినీ వేరు చేయగలిగితే సగం విద్య వచ్చినట్టే. నువ్వు చిన్నప్పుడు ఎక్కిన శంకరం బొజ్జన్నకొండనే తీసుకో. 1900ల తొలి దశకంలో పురావస్తు శాఖకి చెందిన అలెగ్జాండర్ రే అక్కడ తవ్వించినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం, విషమసిద్ధి అన్న బిరుదున్న చాళుక్య విష్ణువర్ధనుడి రాగి నాణేలు, గుర్రం బొమ్మ ఉన్న శాతవాహనుల సీసపు నాణెం ఒకటి దొరికాయి. ఆ కాలపు పాత నాణేలకి నేటి రూపాయి కొలత పెడితే అన్యాయం. చేత్తో అచ్చు పెట్టి సుత్తితో కొట్టేవారు. బిళ్ళ చిన్నది, అచ్చు పెద్దది, దెబ్బ ఒక పక్కకి పడేది. అందుకే పేరులో సగం అక్షరాలు బిళ్ళ మీదికే ఎక్కవు. అది అరుగుదల కాదు. అలాంటివాటిలో బొమ్మ మధ్యలో పడిందా, ఎన్ని అక్షరాలు బిళ్ళ మీదున్నాయి, నేలలో ఉన్నప్పుడు లోహం ఎంత తిన్నది, ఇవే చూస్తాం. సీసమైతే తెల్లటి పొడి రాలుతోందా అని చూడాలి.

ఇప్పుడు డబ్బాలో గోధుమరంగు రాగి బిళ్ళ ఒకటి ఉంటుంది, వెతుకు. 1794 అని అంకెలు, ఈస్టిండియా కంపెనీ వారి హృదయాకారపు గుర్తు, రూపాయికి 48 అని ఇంగ్లీషులో మాట. మన ఉత్తర సర్కారుల కోసం ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్‌లోని మాథ్యూ బౌల్టన్ సోహో టంకశాలలో ఆవిరి యంత్రం మీద కొట్టించి ఓడలో పంపినది. అనకాపల్లి ఆ సర్కారుల్లోనిదే కాబట్టి నాకు ఆ డబ్బాలో అన్నిటికన్నా అదే ప్రియం. యంత్రం కొట్టినది కనుక దాన్ని కఠినంగానే తూచాలి. అక్షరాలన్నీ నిండుగా పుట్టాయి, ఏది మసకగా ఉన్నా అది చేతులు మారిన గుర్తే. దాని మీది ఆకుపచ్చ పొర గట్టిగా, నున్నగా ఉంటే అలాగే వదిలేయ్. లేతాకుపచ్చ పొడిలా రాలుతుంటే అది చిలుము. నాణేన్ని తినేస్తుంది, దాన్ని మిగతావాటి నుంచి వేరుగా పెట్టు. సముద్రం దగ్గరి గాలి మనది, రాగికి పరమ శత్రువు.

అయిదో జార్జి రూపాయలు చాలా ఉంటాయి. గ్రేడు, అంటే నాణెం ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే మెట్టు, నేర్చుకోవడానికి వాటికి మించిన పలక లేదు. అరుగుదల ఎప్పుడూ ఎత్తయిన చోటే మొదలవుతుంది. రాజు బుగ్గ, మీసం, కిరీటం మీది రాళ్ళు, వస్త్రం మీది ఏనుగు, వెనకవైపు పూల రేకులు. వీటిని ఇదే వరసలో చూడటం అలవాటు చేసుకో. కిరీటం రాళ్ళు ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగి, ఎత్తుల మీద చిన్న మసక మాత్రమే ఉంటే ఎక్స్‌ట్రా ఫైన్. ముఖ్యమైన వివరాలన్నీ ఉండి ఎత్తులు చదునైతే వెరీ ఫైన్. కిరీటం ఆకారం మాత్రం మిగిలి లోపల నున్నగా అయితే ఫైన్, కొన్నిసార్లు అంతకన్నా తక్కువే. మొత్తం మెరుపు చెక్కుచెదరకుండా, ఎత్తుల మీద కూడా వెలుగు తెగకుండా తిరిగితేనే వాడకంలోకి రానిదనాలి. అమ్మేవాళ్ళు ఆ మాటని ప్రతి తెల్లటి రూపాయికీ తగిలిస్తారు. నువ్వు మాత్రం ఆ మాటని పొదుపుగా వాడు.

వాటిలో 1911 తేదీ ఉంటే వేరుగా తీసిపెట్టు. ఆ ఏడాది అచ్చులో ఏనుగు తొండం పొట్టిగా, కాళ్ళు కురచగా వచ్చి పందిలా కనిపించిందని జనం అభ్యంతరపెట్టారు. సుమారు 94 లక్షలు కొడితే 7 లక్షల దాకా మాత్రమే బయటికి వెళ్ళాయని అంటారు. 1912 నుంచి ఏనుగుని సరిదిద్దారు. అయితే ఆ ఏనుగు సరిగ్గా అరిగే చోటే ఉంది, కాబట్టి చేతులు మారిన 1911 రూపాయిలో ఆ కథకి ఆధారం కనిపించదు, తేదీ మాత్రమే మిగులుతుంది. ఏనుగు స్పష్టంగా ఉన్నదానికి అందుకే అంత గౌరవం.

గ్రేడు పక్కన వేసే ఇంగ్లీషు అంకెల సంగతి అడిగావట. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ తమ దేశపు పాత పెద్ద సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా కొలత పెట్టాడు. ఇప్పుడు చాలాచోట్ల అదే. 20 నుంచి వెరీ ఫైన్, 40 నుంచి ఎక్స్‌ట్రా ఫైన్, 60 నుంచి వాడనిది. ఒక చిత్రం గుర్తుంచుకో: 60 కన్నా 58 అందంగా ఉండొచ్చు. టంకశాల సంచుల్లో ఒకదాన్నొకటి కొట్టుకుని గాట్లు పడ్డది కూడా వాడకంలోకి రానిదే కదా. అంకె ఒక్కటే చూసి కొనేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. డబ్బు అంకెకి ఇచ్చి, నాణేన్ని చూడనే చూడరు.

మన ఇళ్ళలో పెరిగిన నాణేలకి ఇంకొన్ని గుర్తులుంటాయి. వరలక్ష్మీ వ్రతాలకి పసుపు కుంకుమలు పెట్టిన మరకలు. మెళ్ళో వేసుకోవడానికి అతికించిన ఉంగరం ఊడదీసిన మచ్చ, అది కిరీటం పైన అంచులో ఉంటుంది, వేలికి తెలుస్తుంది. షరాబులు వెండిని పరీక్షించడానికి కొట్టిన చిన్న గాట్లు. ఇవన్నీ ఉన్న నాణేనికి మామూలు గ్రేడు ఇవ్వరు, వివరం ఎంతుందో చెప్పి పక్కన లోపం రాస్తారు. అమ్మకానికి అవి తక్కువే. మన ఇంటివి మాత్రం మార్చకు, మీ నాయనమ్మ పూజలో ఉన్నవి అవి.

అనుమానం వస్తే తూకం వేయి. అయిదో జార్జి రూపాయి సరిగ్గా తులం, 11.66 గ్రాములు, నూటికి 91.7 పాళ్ళు వెండి. బాగా అరిగినది కొంచెం తగ్గొచ్చు కానీ కొత్తగా కనిపిస్తూ గ్రాము తగ్గితే నమ్మకు. 1940 నుంచి ఆరో జార్జి రూపాయల్లో వెండి సగానికి తగ్గింది, నకిలీలు ఆపడానికి అంచులో గాడి పెట్టారు. 1939 తేదీ ఉన్నది అరుదు, కాబట్టి దొంగవి కూడా దానికే ఎక్కువ. తారీకులోని చివరి 9 అంకెనీ, అంచునీ భూతద్దంలో చూడు. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ అతుకు గీత, బొమ్మ లేని చదును చోట సన్నటి గుంటలు కనిపిస్తాయి.

ధర సంగతి చివర్న చెప్తున్నాను, ఎందుకంటే గ్రేడు తెలియకుండా ధర అడిగేవాళ్ళనే మోసగాళ్ళు వెతుకుతారు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయలకి లక్షలిస్తామనీ, ముందు రుసుము కట్టమనీ ఫోన్లు వస్తాయి. రిజర్వు బ్యాంకు 2021లో తన పేరు చెప్పి ఇలా పాత నాణేల మీద డబ్బులు గుంజుతున్నారని హెచ్చరించింది కూడా. ఒక్క రూపాయి కట్టకు.

ఇంకో మాట. పొలంలో దుక్కిలో దొరికిందని ఎవరైనా శంకరం వైపు నుంచి పాత నాణెం తెస్తే కొనకు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన పది రూపాయల పైబడిన నిధిని కలెక్టరుకి తెలియజేయాలి. అదీగాక, అది ఏ పొరలో, దేని పక్కన దొరికిందో తెలియకపోతే ఆ నాణెం మనకి చెప్పగలిగేది సగం పోయినట్టే.

ఇక భద్రపరచడం. మెత్తని ప్లాస్టిక్ కవర్లు తీసేయ్, అవి కొన్నేళ్ళకి ఆకుపచ్చ జిగురు వదులుతాయి. అట్ట హోల్డర్లు కొనుక్కో, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయి.

కొత్తమావాస్య జాతరకి వస్తావుగా, నూకాలమ్మ దర్శనం అయ్యాక డబ్బా ముందేసుకుని కూర్చుందాం. ఈలోగా అయిదో జార్జి రూపాయలు మూడు ఎంచి, ఒక్కొక్కదానికి కిరీటం, బుగ్గ, ఏనుగు, పూలు, అంచు ఎలా ఉన్నాయో రాసి, కింద నీ గ్రేడు వేసి ఉత్తరంలో పంపు. ఫోటోలు వద్దు, ఫోటోలో మెరుపు అబద్ధం చెబుతుంది. నా గ్రేడు నేను అప్పుడే చెప్తాను.

మీ అమ్మా నాన్నలని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న