ఎండపూతలు: పరీక్షయు, చీటియు

విత్తనపు సంచికి గట్టిన చీటిపై మొలకశాతము చూడనిదే వివేకవంతుడగు రైతు ఆ సంచిని విప్పడు. ఆ అంకె అమ్మువాని నోటిమాట గాదు. గింజలను లెక్కించి, తడిపి, మొలచినవానిని ఎంచి వ్రాసినది. ఇప్పుడు పల్లెల అంగళ్లకు గూడ వచ్చుచున్న సన్‌స్క్రీన్ అనెడు ఎండపూతలపైనను ఒక అంకె యుండును. అది యెట్లు పుట్టినదో యెరుగక కొనుట చీటి చదువక విత్తనము కొనుటవంటిది. పగలెల్ల ఎండలో నుండు మనకు ఈ సంగతి తెలియుట మిక్కిలి అవసరము.

1. ఎండలోని కిరణములు

సూర్యరశ్మియందు కంటికి గానరాని అతినీలలోహిత కిరణములు గలవు. వానిలో నేలను జేరునవి రెండు తెగలు. ‘బి’ తెగ చర్మమును కమిలించును. ‘ఎ’ తెగ లోతునకు దిగి ముడుతలను, మచ్చలను గలిగించును. ఈ రెండును చర్మపు క్యాన్సరునకు కారణములు కాగలవు. నల్లని మేనికి కొంత సహజ రక్షణ గలదు గాని, అది పూర్ణరక్షణ గాదు.

2. అంకె పుట్టు విధము

అమెరికా దేశమున ఈ పూతలను మందులలో జేర్చి పరీక్షింతురు. అచ్చటి ఆహార, ఔషధ పరిపాలన శాఖవారు 2011 జూన్ నెలలో ప్రకటించిన నిబంధనల ప్రకారము పరీక్ష యిట్లు జరుగును.

ఎండకు సులభముగా కమిలెడు చర్మము గలవారిని పదిమందికి తక్కువ గాకుండ ఎన్నుకొందురు. వారి వీపుపై కొంతమేర పూత పూసి, కొంతమేర ఊరక విడుతురు. పూతను చదరపు సెంటీమీటరునకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూయుదురు. పదునైదు నిమిషములైన పిమ్మట సూర్యకాంతిని బోలిన దీపపు వెలుగు సోకింతురు. మరునాడు ఎరుపును పరిశీలింతురు. పూత లేనిచోట ఒక పాలు వెలుగునకే ఎరుపెక్కిన చర్మము, పూత యున్నచోట 30 పాళ్లకు గాని ఎరుపెక్కనియెడల, ఆ పూతయొక్క ఎస్.పి.ఎఫ్. 30 అగును.

15 అంకె గల పూత కమిలించు కిరణములలో నూటికి 93 పాళ్లను, 30 గలది 97 పాళ్లను, 50 గలది 98 పాళ్లను ఆపును. కావున అంకె పెరిగినకొలది వెల పెరిగినను, ఆపెడు పాలు అంతగా పెరుగదు.

3. చీటిపై నుండదగినవి, యుండరానివి

ఈ అంకె ముఖ్యముగా కమలుటను మాత్రమే కొలుచును. ‘ఎ’ తెగ కిరణములకు వేరుగ పరీక్ష గలదు. అందు నెగ్గినదానిపైననే ‘బ్రాడ్ స్పెక్ట్రమ్’ అని వ్రాయవలయును. ఆ మాటయు, 15గాని అంతకు మించిన అంకెయు గలిగిన పూత మాత్రమే, ఇతర జాగ్రత్తలతో గూర్చి సక్రమముగా వాడినయెడల క్యాన్సరు భయమును తగ్గించునని చెప్పుకొనవచ్చును. నీటికి పోదనియు, చెమటకు పోదనియు వ్రాయుట నిషిద్ధము. పరీక్షలో 40 నిమిషములు నిలిచెనో, 80 నిమిషములు నిలిచెనో ఆ లెక్కనే వ్రాయవలయును.

మన దేశమున ఇవి సౌందర్యసాధనములలో జేరినవి. 2020వ సంవత్సరపు నిబంధనల ప్రకారము చేసినవారి పేరు, చిరునామా, బ్యాచి సంఖ్య, ఏ నెలలోగా వాడవలయునో ఆ గడువు, అందలి పదార్థముల పట్టిక చీటిపై నుండవలెను. ఇవి లేని సరుకు ఎంత చౌకయైనను కొనరాదు.

4. చీటి తప్పిన యుదాహరణము

ఆస్ట్రేలియా దేశమున చాయిస్ అను వినియోగదారుల సంఘము గలదు. వారు 20 పూతలను పరీక్ష చేయించి, వానిలో 16 పూతలు చీటిపైనున్న అంకెను అందుకొనలేదని 2025 జూన్ నెలలో ప్రకటించిరి. 50కి మించిన అంకె వేసికొనిన యొక పూత పరీక్షలో 4 మాత్రమే చూపెను. దాని యజమానులు మొదట ఒప్పుకొనకపోయినను, ఆగస్టులో ఆ సరుకును అంగళ్లనుండి వెనుకకు దీసికొనిరి. ఒంటరి కొనుగోలుదారుడు చేయజాలని పనిని సంఘముగా గూడినవారు చేసిరి. సహకారమునకు ఇంతకంటె మంచి సాక్ష్యమేమి?

5. మన లెక్క

అంకె నిజమైనను, పరీక్షలో పూసినంత మందముగా పూసినగాని ఆ ఫలము రాదు. జనులు సాధారణముగా అందులో సగమునకు మించి పూసికొనరు. పెద్దవాని మేనికంతకు ఒకమారునకు సుమారు 36 గ్రాములు పట్టును. 50 గ్రాముల గొట్టము రెండుమారులకైన చాలదు. మరి రెండు గంటలకొకసారియు, చెమట తుడుచుకొనిన వెంటనేయు మరల పూయవలెను. ఈ వ్యయమును ఏ రైతు భరింపగలడు?

కావున మేనికి నిండుచేతుల చొక్కాయు, తలకు పాగాయు, నడిమధ్యాహ్నమున చెట్టునీడయు మొదటి రక్షణ. పూత కొనదలచినవారు బట్ట కప్పని ముఖము, మెడ, చేతులకు మాత్రము దానిని దళముగా వాడుదురు గాక. ఒక్క సంగతి మరువరాదు: ఏ పూతయు వడదెబ్బను ఆపదు. దానికి నీరు, నీడ, విశ్రాంతియే మందు.

సంఘపు దుకాణమునకు ఇట్టి సరుకు తెప్పించునపుడు కార్యదర్శులు పై గుర్తులన్నియు చూచి మరీ తీసికొనవలెను. చదువనేర్చిన సభ్యులు ఈ మాటలను ఇంటిలోని స్త్రీలకును, తమ పొలములలో పనిచేయు కూలివారికిని తప్పక చెప్పుదురు గాక.