గుండెలో మంటా? గుండెపోటా?

రాత్రి భోజనం చేసి పడుకోగానే ఛాతీలో మంట, పుల్లని త్రేన్పులు, గొంతులోకి చేదు నీళ్ళు. ఇంట్లో ఎవరైనా ఇలా బాధపడితే "గ్యాసే, కాస్త సోడా తాగు" అంటాం. చాలాసార్లు అది ఎసిడిటీయే. కానీ ప్రతిసారీ కాదు. ఆ తేడా పక్కనే ఉండే మీకు తెలియాలి.

ఎందుకు వస్తుంది?

ఆహారం అరగడానికి జీర్ణాశయంలో ఆమ్లం ఊరుతుంది. జీర్ణాశయానికి లోపల జిగురు పొర రక్షణగా ఉంటుంది. అన్నవాహికకు అంత రక్షణ లేదు. ఈ రెండింటి మధ్య తలుపులా పనిచేసే కండరం వదులైతే ఆమ్లం పైకి వచ్చి మంట పుడుతుంది. అన్నవాహిక గుండె వెనుకనుంచి వెళుతుంది కాబట్టి మంట గుండెలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. అధిక బరువు, గర్భం, పొగతాగడం, మద్యం దీన్ని పెంచుతాయి. కొందరికి వేపుళ్ళు, కారం, కాఫీ కూడా పడవు.

ఇంట్లో ఏం చేయాలి?

* రాత్రి భోజనం కొంచెం తగ్గించి, పడుకోవడానికి 2-3 గంటల ముందే పెట్టండి.
* మంచానికి తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి సుమారు 6 అంగుళాలు ఎత్తు చేయండి. దిండ్లు మాత్రమే పెంచితే సరిపోదు.
* ఎడమవైపు తిరిగి పడుకోమనండి.
* ఒళ్ళునొప్పులకు సొంతంగా మాత్రలు కొని వాడవద్దు. అవి కడుపులో పుండ్లు కలిగించవచ్చు. అయితే గుండె జబ్బుకు డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను మీ అంతట మీరు ఆపవద్దు.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

మింగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మంట వారాల తరబడి తగ్గకపోయినా త్వరగా చూపించండి. ఎండోస్కోపీ అవసరం కావచ్చు. రక్తపు వాంతి అయినా, విరేచనం తారులా నల్లగా అయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఒక్క నిమిషం కూడా ఆగకూడనిది

ఛాతీపై బరువు పెట్టినట్టుండి, నొప్పి చేతికి, దవడకు లేదా వీపుకు పాకుతూ, చెమటలు, ఆయాసం వస్తే అది గుండెపోటు కావచ్చు. షుగరు ఉన్నవారికి, వృద్ధులకు, స్త్రీలకు నొప్పి స్పష్టంగా లేకుండా కడుపు ఉబ్బరం, వికారం, నీరసం మాత్రమే ఉండవచ్చు. సోడా ఇచ్చి చూద్దామని ఆగకండి. 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో ఈసీజీ, రక్తపరీక్ష చేసి నిర్ధారిస్తారు.

గ్యాసే అని తేలితే నిశ్చింతగా ఇంటికి వెళ్ళవచ్చు. గ్యాసే అనుకుని ఇంట్లో ఉండిపోతే పోయిన సమయం తిరిగి రాదు.