కాదనగల నాయిక

పాఠ్యభాగ నేపథ్యం

వివాహానికి ముందు స్త్రీ అభిప్రాయానికి ఉన్న విలువ ఎంత? ఈ ప్రశ్నను నవ్విస్తూనే అడిగిన రచనలు ఆంగ్లంలోనూ తెలుగులోనూ ఉన్నాయి. వాటిలో కొన్నింటిని పరిచయం చేస్తూ, ఆ హాస్యం వెనుక ఉన్న సామాజిక సత్యాన్ని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మోత్కూర్ ప్రాంతపు పెండ్లి పందిరిలో నవ్వులకు కొదవ ఉండదు. తలంబ్రాల వేళ వధూవరులు పోటీపడతారు. బిందెలో వేసిన ఉంగరం కోసం ఇద్దరి చేతులు వెతుకులాడతాయి. గడప వద్ద ఆడపడుచులు దారికి అడ్డం నిలిచి, పేర్లు చెప్పనిదే లోపలికి రానివ్వరు. ముత్తైదువలు వియ్యపురాలిని వేళాకోళం చేస్తూ పాటలు పాడతారు. వధువు వరునితో సరిసమానంగా ఆడి గెలవగల సందర్భం ఇదే. అయితే ఈ ఆటలన్నీ మూడు ముళ్లు పడిన తరువాతివి. అంతకు ముందు జరిగే పెండ్లిచూపులలో మాట్లాడేది పెద్దలు. తలవంచుకొని కూర్చునేది పిల్ల. ఈ వరుసను తలక్రిందులు చేసి, ముడి పడక ముందే ఆటను మొదలుపెట్టిన రచయిత్రి ఇంగ్లండులో ఉండేది. ఆమె జేన్ ఆస్టిన్ (1775–1817).

1811 నుండి 1820 వరకు ఇంగ్లండులో, అనారోగ్యంతో ఉన్న మూడవ జార్జి రాజుకు బదులుగా ఆయన కుమారుడు పాలన సాగించాడు. దానినే రీజెన్సీ కాలమంటారు. విందులు, నృత్యసభలు, గుర్రపుబగ్గీలు ఆనాటి ఉన్నత వర్గాల జీవితానికి అలంకారాలు. ఆ వెలుగుల చాటున ఒక చీకటి ఉంది. వివాహిత ఆస్తిపై అధికారం సాధారణంగా భర్తకే చెందేది. కులీన కుటుంబాల కన్యలకు గౌరవప్రదమైన ఉద్యోగాలు లేవు. కనుక వివాహం వారికి మనసుకు సంబంధించిన విషయమే కాదు, జీవనోపాధి కూడా.

1813లో వెలువడిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవలలో బెన్నెట్ దంపతులకు ఐదుగురు కుమార్తెలు. తండ్రి మరణిస్తే ఎస్టేటు కాలిన్స్ అనే దూరపు బంధువుకు పోతుంది. ఆ కాలిన్స్ రెండవ కుమార్తె ఎలిజబెత్‌ను వివాహమాడగోరుతాడు. ఒప్పుకుంటే ఇల్లు నిలుస్తుంది. తల్లికి నీడ దొరుకుతుంది. అయినా ఆమె నిరాకరిస్తుంది. కాలిన్స్ ఆ నిరాకరణను స్త్రీసహజమైన బెట్టుగా భావించి సంతోషించడం నవలలోని గొప్ప హాస్య సన్నివేశం. ‘కాదు’ అన్న మాటకు ‘అవును’ అని అర్థం చెప్పుకునే పురుషుణ్ణి చూసి పాఠకుడు నవ్వుతాడు. ఆ తరువాత, అటువంటి పురుషునికి తన మాట వినిపించడం స్త్రీకి ఎంత కష్టమో తెలుసుకుంటాడు.

ఏటా పదివేల పౌండ్ల రాబడి గల డార్సీకి సైతం ఎలిజబెత్ వద్ద మొదట తిరస్కారమే ఎదురవుతుంది. అతని సంపదను కాక, అహంకారాన్ని ఆమె తూకం వేస్తుంది. తరువాత తన అభిప్రాయంలోని పొరపాటును కూడా నిజాయితీగా గుర్తిస్తుంది. ఇద్దరూ మారిన పిమ్మటనే వివాహం జరుగుతుంది.

అయితే ఆస్టిన్ లోకాన్ని ఒక కంటితోనే చూడలేదు. ఎలిజబెత్ స్నేహితురాలు షార్లట్‌కు ఇరవై ఏడేండ్లు. ఆస్తి లేదు, అందం లేదు. ఆమె అదే కాలిన్స్‌ను కోరి పెండ్లాడుతుంది. రచయిత్రి ఆమెను పరిహసించలేదు. కాదనగలగడానికి ధైర్యమొక్కటే చాలదు, ఆధారం కూడా కావాలన్న సత్యాన్ని ఆ పాత్ర ద్వారా తెలియజేసింది. ఆస్టిన్ స్వయంగా 1802లో ఒక ఎస్టేటు వారసునితో వివాహానికి సాయంత్రం సమ్మతించి, మరునాటి ఉదయం వద్దన్నది. అవివాహితగానే జీవించింది. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ హక్కులను 110 పౌండ్లకు విక్రయించింది. ఆమె జీవించి ఉండగా ఆమె నవలలపై పేరు అచ్చు కాలేదు.

తెలుగునాట ఈ సమస్య మరింత కఠినమైనది. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’లో ఆడపిల్లలు బాల్యంలోనే అమ్ముడుపోతారు. వారికి అవుననడానికి గాని, కాదనడానికి గాని వీలు లేదు. ఆ నాటకంలో తన చుట్టూ తిరిగే పురుషులను పరీక్షించి, చమత్కారంతో ఓడించగలిగినది వేశ్య అయిన మధురవాణి. వివాహ వ్యవస్థకు వెలుపల ఉన్న స్త్రీకే ఆ స్వేచ్ఛ దక్కడం గురజాడ చూపిన చేదు వాస్తవం.

1960వ దశకంలో తెలుగు నాయికకు కొత్త ఆధారం లభించింది. అది ఉద్యోగం. కృష్ణా జిల్లా కాజలో జన్మించి, హైదరాబాదులో స్థిరపడిన యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నవలలో జయంతి మధ్యతరగతి యువతి. సంపన్నుడైన రాజశేఖరం ఆమెను అభిమానిస్తాడు. ఆమె మాత్రం ఆత్మాభిమానాన్ని విడువదు. ఈ నవల 1976లో చలనచిత్రమైంది. 2018లో మరణించేనాటికి సులోచనారాణి కొన్ని తరాల పాఠకురాండ్రకు ప్రీతిపాత్రురాలు. వారపత్రికల ద్వారా, అద్దె పుస్తకాల దుకాణాల ద్వారా ఇటువంటి నవలలు చిన్న పట్టణాలకూ చేరాయి. ధనవంతుడైన నాయకుడు రావడం, కథ పెండ్లితో ముగియడం కలల లోకమేనని విమర్శకులు అన్నారు. ఆ విమర్శ ఆస్టిన్‌కూ వర్తిస్తుంది. అయినా ఈ నాయికలు వరుని ముందు తలవంచుకొని కూర్చోలేదు, ప్రశ్నించారు. పాఠకురాండ్రు దాచుకున్నది కారును కాదు, ఆ ప్రశ్నను.

చట్టాలు కూడా మెల్లగా మారాయి. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుండి అవివాహిత కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వర్తించింది. 2005లో ఆ హక్కు దేశంలోని హిందూ కుటుంబాల కుమార్తెలందరికీ విస్తరించింది. కాదనడానికి కావలసిన ఆధారం చట్టంలో ఏర్పడింది. అది ఇంటిలోనూ ఏర్పడాలి. 2016 వరకు నల్లగొండ జిల్లాలో ఉండి, తరువాత యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన మోత్కూర్‌లో పెండ్లి ఆటలు ఎప్పటివలెనే సాగుతాయి. బిందెలో ఉంగరాన్ని గెలిచిన చేతికి, ఆ ఉంగరం తనకు కావాలో వద్దో ముందుగానే చెప్పే అవకాశం ఉన్ననాడు ఆ నవ్వులు మరింత నిండుగా వినిపిస్తాయి.

పదాలు – అర్థాలు

కొదవ : లోటు
నిరాకరించు : ఒప్పుకొనకపోవు
బెట్టు : ఇష్టమున్నా లేనట్లు నటించడం
కులీన : గొప్ప వంశానికి చెందిన
పిమ్మట : తరువాత

ప్రశ్నలు

1. రీజెన్సీ కాలంలో వివాహం స్త్రీకి జీవనోపాధి ఎందుకైంది?
2. ఎలిజబెత్, షార్లట్ పాత్రలను పోల్చి వ్రాయండి.
3. మధురవాణికి గల స్వేచ్ఛను ‘చేదు వాస్తవం’ అనడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
4. ‘కాదనగలగడానికి ధైర్యమొక్కటే చాలదు, ఆధారం కూడా కావాలి’ – సమర్థించండి.